సంతకం ఆమెది, పెత్తనం ఎవరిది?

ఈ ఎపిసోడ్‌లో మహిళా సర్పంచ్‌ల గురించి మాట్లాడుకుందాం. వాళ్ళ భర్తల గురించి కూడా, తప్పదు.

మన చిత్తూరు సైడు ఏదైనా పల్లెకి వెళ్ళి "సర్పంచ్ ఎవరన్నా?" అని అడగండి. చాలా చోట్ల టీ అంగడి దగ్గర కూర్చున్న ఒకాయన్ని చూపిస్తారు. రికార్డు ప్రకారం సర్పంచ్ ఆయన భార్య. నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన భాషలో చెప్తా: అకౌంట్ ఆమె పేరు మీద, పాస్‌వర్డ్ ఆయన దగ్గర.

ఇది ఉత్త పోలిక అనుకోవద్దు. ఆర్థిక సంఘం నిధుల చెల్లింపులు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ ద్వారా జరుగుతాయి. డబ్బు కదలాలంటే డిజిటల్ సంతకం కావాలి. అది పెన్‌డ్రైవ్ లాంటి చిన్న వస్తువు, దానికో పిన్ ఉంటుంది. ఆ వస్తువు భర్త జేబులో ఉండి, పిన్ ఆయనకి తెలిస్తే, ఆమె ఇంట్లో వంట చేసుకుంటుండగానే బిల్లు పాసైపోతుంది. రేపు ఆడిట్‌లో లెక్క తేడా వస్తే నోటీసు ఎవరికొస్తుంది? సంతకం ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకే. ఆయనకేం సంబంధం ఉండదు. అక్కా, ఆ పిన్ మీ ఆయనకి కూడా చెప్పొద్దు. ఏటీఎం పిన్ కంటే ముఖ్యం అది.

సీట్ల సమస్య మనకి పెద్దగా లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి మూడో వంతు ఇచ్చింది, 2013 పంచాయతీ ఎన్నికల నుంచి మన రాష్ట్రంలో సగం. తిరుపతి కార్పొరేషన్‌కి మొదటి ఎన్నికలు 2021లో జరిగితే తొలి మేయర్ డాక్టర్ శిరీష గారు. చిత్తూరు తొలి మేయర్ కఠారి అనురాధ గారు. 2015 నవంబరు 17న కార్పొరేషన్ ఆఫీసులోనే ఆమెని, ఆమె భర్తని చంపేశారు. "ఆడవాళ్ళకి రాజకీయాలు ఎందుకమ్మా" అని మన ఇళ్ళల్లో అనే మాట వెనక ఇలాంటి భయం కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం.

అయినా నాకు నమ్మకం ఎక్కడొస్తుందంటే, కర్నూలు జిల్లా కాల్వ గ్రామం. అక్కడి సర్పంచ్ ఫాతిమా బీ గారికి 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళు పేదరిక నిర్మూలన అవార్డు ఇచ్చారు. అది మన సీమ పల్లె. ఆమె ఊళ్ళో పనికి బలం పొదుపు సంఘాల ఆడవాళ్ళు. నన్నడిగితే కాబోయే సర్పంచ్‌లు అక్కడే ఉన్నారు. నెలనెలా మీటింగు పెట్టి, అప్పు ఎవరికివ్వాలో తేల్చి, వాయిదా కట్టనామెని ఇంటికెళ్ళి అడిగి, బ్యాంకు మేనేజరుతో వాదించే మనిషికి పంచాయతీ లెక్క కొత్తేం కాదు. కానీ రిజర్వేషన్ వచ్చిన రోజు పార్టీవాళ్ళు సంఘం లీడరుని వెతకరు, తమ నాయకుడి ఇంట్లో ఆడవాళ్ళని వెతుకుతారు.

సరే, చూసేవాళ్ళు ఒక చిన్న పని చేయండి. మీ ఊరి సర్పంచ్ మహిళైతే ఆమె నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. వీధిలైటు వెలగకపోతే ఆమెకే చేయండి. భర్త ఎత్తితే "మేడమ్‌కివ్వండన్నా" అనండి. గ్రామసభలో కూడా ప్రశ్న ఆమెనే అడగండి, ఆయన పక్కనే కూర్చున్నా సరే. ఎవరి ఊళ్ళో ఏం జరిగిందో కామెంట్లలో రాయండి, నేను అన్నీ చదువుతా.