నేఁటి ప్రణయగ్రంథములు



ప్రేమనుగూర్చి యీ కాలమున వెలువడుచున్న పుస్తకములను చదివి, వానినిగూర్చి కొంత ముచ్చటింపుమని నన్నుఁ గోరినప్పుడు, జాబు పొరపాటున నా చిరునామకు వచ్చినదేమో యని యనుకొంటిని. నేను ముప్పదియైదేండ్లు ఉన్నతపాఠశాలలోఁ దెలుఁగు చెప్పి విశ్రాంతి నొందినవాఁడను. అంతకు ముందు గురువుగారి యరుఁగుమీఁదఁ గూర్చుండి అమరమును, పంచకావ్యములను, అలంకారశాస్త్రమును వల్లించినవాఁడను. అఱువదియాఱేండ్ల వయసున నీతనికిఁ బ్రణయకథలతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. కాని శృంగారము రసరాజమని బోధించి జీతము పుచ్చుకొన్నవానిని, ఆ రసము నేఁ డెట్లున్నదో పోయి చూచి రమ్మన్నప్పుడు, కాదనుటకు వీలుండదు గదా.

పుస్తకములను నా చిన్నకూఁతురు తెచ్చి యిచ్చినది. "నాన్నగారూ, ఇవి చదువునంతకాలము మీ శాస్త్రమును ప్రక్కకుఁ బెట్టుఁడు" అన్నది. నేను పెట్టలేదు. పెట్టకపోవుటయే మంచిదయినది.

మన రాచకొండ నేలిన సింగభూపాలుఁడు పదునాలుగవ శతాబ్దమున రసార్ణవసుధాకరమను లక్షణగ్రంథమును సంస్కృతమున రచించెను. ఇంచుమించుగా నదే శతాబ్దమునఁ గళింగదేశమున విశ్వనాథకవిరాజు సాహిత్యదర్పణమును రచించెను. ఇరువురును ఒక్క మాటమీఁద నిలిచిరి. అనురాగ మిరువురియందు నుండవలెను; ఒకరియందే యున్నచో నది శృంగారము గాదు, శృంగారాభాసము. ఆభాసమనఁగా నున్నట్లు తోఁచునదియే కాని యున్నది కాదు. ముత్యపుఁజిప్ప యెండలో వెండివలెఁ దళతళలాడినట్టిది. సీతయెడ రావణుని వలపు దీనికిఁ బ్రసిద్ధమైన యుదాహరణము. వానికి నిదుర లేదు, మనసు నిలుకడ లేదు, విరహచిహ్నములన్నియుఁ గలవు. అయినను అది రసము గాదు. ఏలయన, సీత యొల్లలేదు. భాషాప్రవీణ పరీక్షకై నేనును దీనిని కంఠస్థము చేసితిని, మంచి మార్కులు సంపాదించితిని, పిదప మఱచితిని.

మఱచితినని యేల యంటినో చెప్పవలసియున్నది. ముప్పదియేండ్ల క్రిందట, పదవతరగతి చదువుచున్న యొక బాలిక తన స్నేహితురాలిని తోడుచేసికొని ఉపాధ్యాయుల గదిలోనికి వచ్చినది. "మాస్టారూ, కాలువవంతెన దగ్గఱనుండి బడిదాఁక ఒకఁడు రోజూ వెంట వచ్చుచున్నాఁడు, పుస్తకములలో చీటీలు పడవేయుచున్నాఁడు" అని నేలచూపులతో చెప్పినది. నేనేమి చేసితిని? మఱియొక వీథిని రమ్మంటిని, తలయెత్తవలదంటిని. ఆమె వెళ్లిన పిమ్మట, మన్మథావస్థలు పదింటిలో వానికి జాగరావస్థ ప్రాప్తించినది కాఁబోలునని చమత్కరించితిని కూడ. గదిలోని వారందఱును నవ్విరి. నెల తిరుగకుండనే ఆమె తండ్రి ఆమెను చదువు మాన్పించెను. ఆ చీటీలు వ్రాసినవాఁడు మాత్రము తన పరీక్ష తాను వ్రాసికొనెను. హాజరుపట్టీలో ఆమె పేరునకెదురుగా నేనే ఎఱ్ఱసిరాతో గీత గీచితిని. అవస్థలు పదియును నాకు వరుసతో వచ్చును. ఆ గ్రంథములోనే మఱియొకచోట నున్న ఆభాసలక్షణము మాత్రము ఆ దినమున నోటికి రాలేదు.

ఈ నేరము నా యొక్కనిదే కాదని చెప్పి తప్పించుకొనఁజూడను. కాని ఆ కాలపు వారపత్రికల ధారావాహికలు కొన్ని నాకుఁ దోడుగా నుండెను. నాయకుఁడు వెంబడించును, నాయిక తిట్టును. నాయకుఁడు చెంప మీఁదఁ గొట్టును, నాయిక ఆ రాత్రి దిండుపైఁ దలవాల్చి, తన్నింతగాఁ బ్రేమించినవారు లేరని కన్నీరు కార్చును. వద్దనుట సమ్మతికిఁ బూర్వరూపమని యా కథల వ్యాకరణము. సినిమాలు దానికి పాటలు గూర్చెను. వ్రాసినవారు నాకంటె గొప్ప చదువరులే కావచ్చును. రావణుని నాయకునిగా నిలిపిన సంగతి వారికిఁ దోఁచలేదు.

అన్నియు నట్టివే యనుట యన్యాయము. యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" 1960వ దశకమున వెలువడి, 1976లో చలనచిత్రమైనది. మా యింట దానిని అద్దెపుస్తకముల యంగడినుండి నా భార్య తెచ్చుకొని, నా యడుగుల చప్పుడు విని బియ్యపుడబ్బా వెనుకఁ బెట్టెడిది. నాయకుఁడు ఐశ్వర్యవంతుఁడు, కారు, బంగళా. ఇదంతయుఁ బగటికల యని నేను ముట్టకయే తీర్పు చెప్పియుంటిని. ఈ ప్రసంగముకొఱకుఁ దొలిసారి చదివితిని. కలయే; సందేహము లేదు. కాని జయంతి యను నా పిల్ల తన మర్యాదను రాజశేఖరము సంపదకుఁ దాకట్టుపెట్టదు. నా భార్య నడిగితిని, నీకిందులో నేమి నచ్చినదని. "కారు అనుకొంటిరా? ఆ పిల్ల తల వంచకపోవుట" అన్నది. నలుబదియేండ్లనాఁ డడిగియుండవలసిన ప్రశ్న.

ఇఁక నా కూఁతురు తెచ్చిన యాంగ్లగ్రంథములలో మొదటిది అమెరికాదేశీయురాలు కొలీన్ హూవర్ 2016లోఁ బ్రకటించిన "ఇట్ ఎండ్స్ విత్ అస్". లిలీ యను యువతి, తన తల్లిని తండ్రి కొట్టుట చూచుచుఁ బెరిగినది. బోస్టన్ నగరమునఁ బూలయంగడి పెట్టుకొన్నది. ఒక శస్త్రవైద్యుని వలచి పెండ్లాడినది. అతఁడు చేయి చేసికొనును. వెంటనే పశ్చాత్తప్తుఁడై కన్నీరు పెట్టును. మరల నదే జరుగును. అతని ప్రేమ నటన కాదు, ఆమె ప్రేమయు నబద్ధము గాదు. నా శాస్త్ర మిక్కడఁ జిక్కులోఁ బడినది. అనురాగ మిరువురియందు నున్నదే, దీని నాభాస మనుట యెట్లు? పుస్తకము మూసి రెండు దినము లాలోచించితిని. కడపట పుట్టిన బిడ్డను అతని చేతిలోఁ బెట్టి యామె యడుగును: ఈ పిల్ల పెరిగి, నన్ను వలచినవాఁడు కొట్టుచున్నాఁడని నీతోఁ జెప్పినచో నీవేమందువు? అతనికి బదులు తెలియును. ఆ బదులునకుఁ గట్టుబడి యిరువురును విడిపోవుదురు. భయమున్నచోట అనురాగము నిండుగా నున్నను రసము విఱిగిన పాలవలెఁ జెడునని లాక్షణికులు చెప్పలేదు, ఈమె చెప్పినది. రచన మాత్రము నాకంత రుచింపలేదు. ప్రతిపుటయందును కన్నీరు సిద్ధముగా నుండును, పాత్రలు తమ మనసును తామే విప్పి చెప్పుకొనుచుందురు. ఔచిత్యమున కొంత కొఱత. అయినను కథలోని యా ప్రశ్నను మా పాఠశాలగోడమీఁద వ్రాయించియుండిన బాగుండెడిది.

ఇంతవఱకు సింగభూపాలునిఁ బొగడితిని. ఇప్పు డాయనతోఁ బేచీ వచ్చినది. శృంగారాభాసమును విభజించుచు, ఒకరియందే యున్న వలపుతోఁబాటు తిర్యక్కుల వలపును, మ్లేచ్ఛుల వలపును కూడ ఆయన ఆభాసమునందే చేర్చెను. విశ్వనాథుఁడు అధమపాత్రల వలపునకు ఆ గతియే పట్టించెను. అనఁగాఁ బుట్టుకను జూచి, వీరి ప్రేమకు రసత్వము లేదనుట. దీనిని వల్లించునప్పుడు నాకెన్నఁడును గొంతు పట్టుకొనలేదు. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ 2013లో వ్రాసిన "పూక్కుళి"ని ఆంగ్లానువాదమునఁ జదివినప్పుడు పట్టుకొన్నది.

కుమరేశుఁడు పల్లెనుండి పట్టణమునకు సోడాకొట్టులోఁ బనికిఁ బోయి, అక్కడి సరోజను వలచి పెండ్లాడి తన యూరికిఁ దెచ్చును. ఆమె కులమేమో చెప్పఁడు. తల్లి మారాయి యా గుడిసె ముంగిటఁ గూర్చుండి దినదినమును శోకాలు పెట్టును; ఊరిపెద్దలు వారిని వెలివేయుదురు. ఇరువురి నడుమ నుండవలసిన యనురాగమునకు లోపము లేదు. సోడాలు కొట్టుకొని బ్రదుకఁజూచు వాఁడును, ఆ ఱాతినేలపై నెండకు మాడుచు వాని సైకిలు గంటకై చెవియొగ్గి యుండు పిల్లయు. వాసకసజ్జిక యన నెవతె? ఈ పిల్ల కాదా? ఊరు దానిని ఆభాసమనెను, శాస్త్రముకంటెఁ గఠినముగా ననెను. ముగింపు చెప్పను, చదువఁగోరువారి సొత్తు దోచుకొనరాదు. చదివిన రాత్రి నాకు నిదుర పట్టలేదని మాత్రము చెప్పఁగలను. ఈ రచయితయే 2010లో "మాదొరుభాగన్" అను నవల వ్రాసెను. తిరుచెంగోడులో వెలసిన యర్ధనారీశ్వరుని పేరది. సంతు లేని కాళి, పొన్నల దాంపత్యమే దాని కథ. దానిపైఁ గలిగిన యలజడికిఁ దాళలేక 2015 జనవరిలో తనలోని రచయిత మృతినొందెనని యాయన ప్రకటించెను. మఱుసటి యేఁడు మద్రాసు ఉన్నతన్యాయస్థానము ఆయన పక్షమునఁ దీర్పు చెప్పుటచేత మన యదృష్టముకొలఁది మరలఁ గలము పట్టెను. ప్రణయమును వర్ణించుటకు మన పూర్వకవులు వెఱచిన జాడ లేదు. దేవతలకే శృంగారము కట్టిపెట్టిన జాతి మనది.

తెలుఁగున ఓల్గాగారి పుస్తకములు రెండు చదివితిని. 1987లో వచ్చిన "స్వేచ్ఛ"లో అరుణ తాను వలచినవానినే పెండ్లాడును. పుట్టినింటి కట్టడి తప్పినదనుకొన్నది కాని మెట్టినింట మఱియొక కట్టడి మొదలైనది. వాదము కథను తఱిమికొని పోవునని నా యాక్షేపణ. "విముక్త" యట్లు కాదు. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కార మందిన కథాసంపుటి యిది. అందు సీత వనమున శూర్పణఖను గలిసికొనును. వలచి ముక్కుచెవులు కోయించుకొన్న యామె పూలతోఁట పెంచుకొనుచు, సౌందర్యమును వేఱువిధముగాఁ జూడ నేర్చియుండును. రావణుని యేకపక్షపు వలపునకు లంక కాలినది, శూర్పణఖ యేకపక్షపు వలపునకు ముక్కు తెగినది; ఈ రెండు శిక్షలను ఒకే త్రాసునఁ దూఁచుట సరియా యని నేను నా గురువుగారి నడుగలేదు, నా శిష్యులును నన్నడుగలేదు.

చివరి పుస్తకము ఐర్లండు రచయిత్రి శాలీ రూనీ 2018లో వ్రాసిన "నార్మల్ పీపుల్". సంభాషణలకుఁ గొటేషను గుర్తులు పెట్టదు. వ్యాకరణము చెప్పినవానికి మొదటి యిరువది పుటలును ముల్లు గ్రుచ్చుకొన్నట్లే యుండును. కానెల్ పేదయింటి పిల్లవాఁడు, మారియాన్ కలవారి పిల్ల. వాని తల్లి యా యింటిలో నూడ్చి తుడుచు పని చేయును. ఇరువురును డబ్లిన్ నగరమునఁ జదువునప్పుడు, వేసవిలో గది యద్దె కట్టుటకు వానియొద్దఁ బైకము లేదు. నీ యింట నుండనిత్తువా యని యడుగవలెను. అడుగలేఁడు. ఊరికిఁ బోవుచున్నానని మాత్రము చెప్పును. తన్ను వదలిపోవుచున్నాఁడని యామె తలంచును. విడిపోవుదురు. విప్రలంభమునకు అభిలాష, విరహము, ఈర్ష్య, ప్రవాసము, శాపము అని మమ్మటుఁడు కారణము లెన్నినాఁడు. ఇది శాపమా? ఏ మునియు శపింపలేదు. గది యద్దెయే శాపము. మేఘసందేశమున యక్షునకు మేఘుఁడైన దొరికెను. వీనికిఁ బ్రక్కనే యున్నదానితో మాటలాడుటకు నోరు దొరకలేదు.

ఈ ఘట్టమును నా భార్యకుఁ దెలుఁగునఁ జదివి చెప్పితిని. ఆమెకుఁ జూపు సన్నగిల్లినది. నేఁడు నేనే చదువరిని. పూలు గట్టుచు విన్నది. "పాపము, ఆ పిల్లవాఁ డొక్క మాట అడిగి చూడవలసినది" అన్నది. నిజమే యంటిని. "మీకు ఏలూరునుండి బదిలీ అయినప్పుడు నన్ను మీ అమ్మగారియొద్ద మూడేండ్లు ఉంచితిరి. వచ్చెదవా అని మీరును అడుగలేదు" అన్నది.

అద్దె యెక్కువయనియు, ఒంటిగది యనియు, తల్లి వృద్ధురాలనియు ఆనాఁటి కారణములన్నియు వరుసగా నా నాలుకమీఁదికి వచ్చినవి. ఒక్కటియుఁ జెప్పలేదు. వచ్చియుండెడిదానవా యని యడిగితిని.

"ఒంటిగదికేమి?" అని యామె దారము తెంపినది.