పంట డబ్బు ఊళ్లో నిలుస్తోందా?

(మండల రైతు సభలో చేసిన ప్రసంగం)



ఏ పంటకు ఎంత దిగుబడి అన్నది ప్రతి సభలోనూ వింటున్నదే. ఈ రోజు వేరే లెక్క చూద్దాం. పంట మీద వచ్చే డబ్బు ఊళ్లో ఎంత నిలుస్తోంది, ఎంత బయటికి పోతోంది?

అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. విత్తేందుకు ఒక పదును దొరికితే, ఊడలు దిగే వేళకు బెట్ట. ఇది తెలిసీ లక్షల హెక్టార్లలో శెనక్కాయ ఒక్కటే వేస్తూ వచ్చాం. తప్పంతా మనదే అనను. కొర్ర, సజ్జ కొనేవాడు లేనప్పుడు చేతికి రొక్కం ఇచ్చింది శెనక్కాయే. కట్టె పశువులకు మేతయింది. మన పిల్లల చదువులూ దాంతోనే నడిచాయి.

కానీ ఎకరాకు 60 కిలోల దాకా విత్తనపు గింజలు కావాలి. విత్తే నాటికి ఇంట్లో ఉండవు, అప్పు చేసి కొంటాం. మొలక రాకముందే డబ్బు ఊరు దాటుతుంది. కొర్రకు 2 కిలోలు చాలు, అదీ ఇంటి విత్తనమే. కొర్ర మూడు నెలల్లో చేతికొస్తుంది. సాళ్ల మధ్య కంది ఆరు నెలలు నిలబడి అక్టోబరు, నవంబరు వానలను పట్టుకుంటుంది. ఒక్క బెట్టకు రెండూ పోవు. కోతలు వేర్వేరు నెలల్లో వస్తాయి కాబట్టి కూలి పని సాగుతుంది. శెనక్కాయలో పీకే పని ఒక్కసారే, ఆ తర్వాత బెంగళూరు బస్సే.

చీనీ తోటలో డబ్బుంది, కాదనను. కాపుకు నాలుగైదేళ్లు ఆగాలి. ఈలోగా బోరు ఎండితే ఇంకో బోరు, ఇంకో అప్పు. మన బోరు లోతుకు పోయేకొద్దీ పక్క రైతు బోరు ఎండుతుంది. సభల్లో ఎవరూ ఎత్తని మాట ఇది.

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990లో మొదలైంది. దాని అండతో 2008లో ధరణి సహకార సంఘం ఏర్పడింది. రైతులే సభ్యులు. వారి ధాన్యాన్ని కొని, శుద్ధి చేసి అమ్ముతోంది. అక్కడ చూడాల్సింది పంటకన్నా మిల్లును. పొట్టు తీసే యంత్రం లేని ఊళ్లో కొర్ర వేయమంటే ఆడవాళ్లను మళ్లీ రోకలి దగ్గరికి పంపడమే.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఉపన్యాసాలకు లోటు లేదు. ఆ ఏడాది కేంద్రం మద్దతు ధరల పట్టికలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి, కొర్ర లేదు.

అందుకే సంఘం అడగాల్సినవి మూడు: కొర్రకు కేంద్ర మద్దతు ధర, కందికీ కొర్రకూ విత్తన సబ్సిడీ, మండలానికొక శుద్ధి మిల్లు. ఆ మిల్లు రైతుల చేతిలో ఉండాలి.

వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ శాఖ ఐదుగురు రైతుల ఖర్చు రాసుకుని రండి. విత్తనం, మందులు, బోరు, కూలి అన్నీ వేసి, అందులో ఊళ్లోనే ఖర్చయింది ఎంతో పక్కన రాయండి. కౌలు రైతుల లెక్క విడిగా ఉండాలి, వాళ్లకు కౌలు కూడా కలుస్తుంది.