నగల చదువుకు నగలు లెక్కకు రావు

(అంబాజీపేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశంలో నగల డిజైన్ డిగ్రీకి దరఖాస్తు పెట్టుకోవడమనేది మన వేదిక మీద మాట్లాడవలసిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. కూలిరేట్లు, గల్ఫ్ వలస, గృహహింస ఉండగా ఇది కలిగినవాళ్ల ముచ్చట కదా అని. నేనలా అనుకోవడం లేదు. ఒక ఆడపిల్ల ఆ దరఖాస్తు ముందు కూచుంటే, ఆమె శ్రమను ఎవరు గుర్తించారు, ఆస్తిలో ఆమె పేరెక్కడ ఉంది అన్న మన పాత ప్రశ్నలే గడిగడిలోనూ ఎదురవుతాయి.

ముందు శ్రమ సంగతి. కంసాలి పని మన దగ్గర తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య. కుంపటి ముందు ఊదుగొట్టం పట్టుకుని కూచునేది మగవాడు. పూసలు గుచ్చడం, రాళ్లు ఏరడం, కుంకుడురసంలో కడిగి తుడవడం ఇంట్లో ఆడవాళ్ల వంతు. దాన్ని 'సాయం' అంటారు, పని అనరు. మచిలీపట్నం రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు అతికే ఆడవాళ్లు ఇంటి దగ్గరే కూచుని ఇన్ని ముక్కలకు ఇంత అని కూలికి చేస్తారు. వాళ్లను కళాకారులని ఎవరూ అనరు.

విదేశీ కళాశాల మొట్టమొదట అడిగేది పోర్ట్‌ఫోలియో, అంటే అభ్యర్థి చేసిన పనుల సంపుటి. తయారైన నగ ఫోటో ఒక్కటే చాలదు. ఆలోచన ఎక్కడ మొదలైంది, ఏ గీత గీసి కొట్టేశారు, ఏ నమూనా చెడింది, ఆ క్రమమంతా చూస్తారు. మన పిల్లల దగ్గర అలాంటి చిత్తుపుస్తకం ఉండదు. గీసిందంతా వాకిట్లో ముగ్గవుతుంది, మర్నాడు ఊడ్చేస్తారు. చుక్కలు లెక్కపెట్టి మెలిక తిప్పడం డిజైన్ కాకపోతే మరేమిటి? కనక ఇంటర్‌లో ఉండగానే ప్రతి చిత్తూ తేదీ వేసి దాచుకోమని చెప్పండి. బంగారమే అక్కర్లేదు, కొబ్బరిచిప్పతో, రాగితీగతో చేసిన నమూనా అయినా సరే. బర్మింగ్‌హామ్‌లో 1890లో పెట్టిన నగల బడి, ఆ ఊరి నగల పేటలో వృత్తిపని నేర్పడానికి పుట్టినదే. ఇప్పుడది విశ్వవిద్యాలయంలో భాగమై డిగ్రీ ఇస్తున్నది.

ఇక డబ్బు. అసలు చిక్కంతా ఇక్కడే.

బ్రిటన్ విద్యార్థి వీసాకు మొదటి ఏడాది ఫీజులో కట్టవలసిన బాకీ, దాని మీద తొమ్మిది నెలల దాకా ఖర్చులు బ్యాంకులో వరసగా 28 రోజులు నిలవుండాలి. ఒక్కరోజు తగ్గినా చెల్లదు. ఖాతా అమ్మాయి పేరునగాని, తల్లిదండ్రుల పేరునగాని, చట్టరీత్యా సంరక్షకుల పేరునగాని ఉండాలి. మేనమామది, అన్నది, అమ్మమ్మది పనికిరాదు. మన కోనసీమ నుంచి ఎందరు తల్లులు కువైట్‌లో, మస్కట్‌లో ఇంటిపనులు చేస్తున్నారో మీకు తెలుసు. పంపిన సొమ్ము ఏ తమ్ముడి ఖాతాలోనో పడుతుంది. ఆమె సంపాదన ఆమె పేరున ఉండదు. ఖాతా ఆమెదే అయినా, తల్లీబిడ్డల సంబంధం రుజువుకి జనన ధ్రువపత్రం కావాలి. అందులో తల్లికి అత్తింటి పేరు, పాస్‌పోర్టులో పుట్టింటి పేరు!

పెట్టెలో బంగారం ఉంది కదా అంటారు. వీసా లెక్కలో నగలు రావు, నగదే కావాలి. ఒక తల్లి నాతో అన్నది: "ఆయ్, బంగారం దాని పెళ్లికండి, చదువుక్కాదండి. అమ్మేత్తే రేపు సంబంధం ఎలా వత్తాదండి?" ఆమెను తప్పుపట్టలేను. కట్నాన్ని 1961లోనే చట్టం నిషేధించింది, అయినా ఆడపిల్లకు పుట్టింట్లో ఖాయంగా దక్కేది అదొక్కటేనని ఆమెకు అనుభవం. పెళ్లికి ముందు ఆ బంగారం మీద పిల్లకు మాట ఉండదు. పెళ్లయ్యాక అది అత్తగారి బీరువాలో ఉంటుంది. నగ చేయడం నేర్చుకోవడానికి మాత్రం నగ కదలకూడదు.

సరే, రుణం. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకంలో ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ అడుగుతారు. ఇక్కడ ఆస్తంటే కొబ్బరితోట. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు సమాన వాటా మన రాష్ట్రం 1985లోనే ఇచ్చింది, దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు 2005లో వచ్చింది. చట్టం వచ్చిందిగాని, 'కట్నం ఇచ్చాం కదా' అని పెళ్లిపీటల ముందే హక్కు వదులుకున్నట్టు సంతకం చేయించుకునే ఇళ్లు తక్కువేం కాదు. తోట కాగితం బ్యాంకుకి వెళ్లాలంటే తండ్రో అన్నో ఒప్పుకోవాలి.

ప్రభుత్వ సహాయం చూద్దాం. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎమ్మేకీ పీహెచ్‌డీకీ తప్ప మొదటి డిగ్రీకి వర్తించదు. 2021-22లో పెంచిన 125 స్థానాల్లో అత్యధికం దళిత విద్యార్థులవి. భూమిలేని వ్యవసాయ కూలీలకూ సంప్రదాయ చేతివృత్తులవారికీ కలిపి 4. ఆడవాళ్లకు 30 శాతం. నలుగురిలో 30 శాతమంటే ఎందరో మీరే లెక్కవేయండి.

పెళ్లయినవాళ్లకు ఇంకొక మాట: బ్రిటన్‌లో మొదటి డిగ్రీ విద్యార్థులు సాధారణంగా భర్తనూ పిల్లల్నీ వెంట తీసుకెళ్లే వీలు లేదు.

వడ్డీకి 'చూపుడు సొమ్ము' సర్దుతామనే దళారుల దగ్గరికి మాత్రం ఎవరినీ పోనివ్వకండి. దొంగ పత్రం బయటపడితే పదేళ్లదాకా ఆ దేశం తలుపు మూసుకుంటుంది, వడ్డీ మాత్రం ఇంటి మీద ఉంటుంది.

సంఘాలు చేయగలిగిన పని ఒకటి రేపే మొదలుపెట్టవచ్చు. గల్ఫ్‌లో ఉన్న తల్లుల్లో ఎందరికి తమ పేరున ఖాతా ఉంది, వాళ్ల పాస్‌పోర్టులోనూ పిల్లల జనన ధ్రువపత్రంలోనూ పేరు ఒకటిగా ఉందా, మండలం వారీగా రాసుకు రండి. ఇంటిపేర్లు రెండూ రాయండి.