పెండ్లిగుఱ్ఱము

1886లో మలక్‌పేటకు తరలివచ్చిన పందెపుమైదానమందలి గుఱ్ఱములకు వైద్యులు కలరు. దానికి చేరువనే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వీధులలో వరుని మోయు గుఱ్ఱమునకు దిక్కెవ్వరు?

నా పెద్దమనుమని ఊరేగింపులో టపాకాయలు ప్రేలఁగా, గుఱ్ఱము చెవులు వెనుకకు వాల్చి వణఁకినది. నలుని అశ్వహృదయవిద్యను 40 ఏండ్లు పాఠముగాఁ జెప్పిన నేను ఊరకుంటిని. ఆ తప్పు నాది.

గుఱ్ఱపుఁ గడుపు చిన్నది. గడ్డిని కొంచెముకొంచెముగాఁ బలుమాఱు వేయవలయును. అది వాంతి చేసికొనఁజాలదు; కావునఁ గడుపుశూల ప్రాణాంతకము కావచ్చును. మందలో బ్రదుకు ప్రాణి గనుక ఒంటరితనమునఁ గుములును.

పెండ్లివారలారా! టపాకాయలు మానుఁడు. వాద్యములను దూరముంచుఁడు. ముందుగా నీరు త్రావింపుఁడు. మా చిన్నమనుమఁడు మాత్రము నడచియే వచ్చెదనన్నాఁడు.