హత్యలు – ఆత్మహత్యలు: దేశదేశముల లెక్కలు



గ్రంథాలయ రజతోత్సవ సభలో చావుల ప్రసంగ మేమిటని కొందరికి తోపవచ్చును. శుభకార్యమున అశుభము పలుకరాదనుట పెద్దల మాటయే. అయినను ఈ గ్రంథాలయమున ప్రతిదినమును ఎక్కువమంది చదువునది వార్తాపత్రిక. ఆ పత్రికలో ముందుగా కన్ను పడునది హత్యావార్త. హంతకుని పేరు, పగకు మూలము, పోలీసుకుక్క ఎంతదూరము పోయి ఎచ్చట నిలిచినది, అన్నియు సవిస్తరముగా నుండును. అదే పత్రికలో జిల్లా పుట యడుగున నాలుగు పంక్తులలో, 'కడుపునొప్పి తాళలేక' ఒక గృహిణియో, 'మనస్తాపముతో' ఒక రైతో ప్రాణము తీసికొన్న సంగతి యుండును. మొదటిదానిని ఊరంతయు చదువును. రెండవదానిని ఆ యింటివారు తప్ప మరల తలచువారు లేరు. ఈ రెంటిలో ఏది పెద్ద వార్త యను ప్రశ్నకు ప్రపంచపు లెక్కలు చెప్పు సమాధానము చాలమందికి ఆశ్చర్యము గొల్పును.

2021వ సంవత్సరమున ప్రపంచమందంతటను హత్యలకు గురియైనవారు సుమారు 4,58,000 మంది యని ఐక్యరాజ్యసమితి నేరవిభాగము లెక్క కట్టినది. అదే సంవత్సరమున తమ ప్రాణము తామే తీసికొన్నవారు సుమారు 7,27,000 మంది యని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనిషికి పరుని చేతి చావుకంటె తన చేతి చావే యెక్కువ యన్నమాట. ఇది మన దేశమునకు మరింత వర్తించును. 2022లో భారతదేశమున నమోదైన హత్యలు 28,522, ఆత్మహత్యలు 1,70,924. ఒక హత్యకు ఆరు ఆత్మహత్యలు. సినిమాలు చూచి హత్యల దేశమని మనవారు తలపోయు అమెరికాలో సైతము 2021లో హత్యలు 26,000 ప్రాంతము, ఆత్మహత్యలు 48,000 పైచిలుకు.

పెద్ద దేశమును చిన్న దేశముతో పోల్చుటకు మొత్తపు సంఖ్య పనికిరాదు. పదెకరముల రైతు నూరు బస్తాలును, ఎకరము రైతు ఇరువది బస్తాలును పండించినచో, ఎకరమునకు ఇన్ని బస్తాలని చూచినగాని ఎవరి పంట మెరుగో తెలియదు. అట్లే లక్ష జనమునకు ఇందరు అని చూచుట లోకాచారము. ఆ విధముగ చూచిన, జపానులో హత్యకు గురియగువారు లక్షకు ఒక్కరు కూడ లేరు. నాలుగు లక్షలకు ఒక్కరని చెప్పవచ్చును. ఆత్మహత్యలో, లక్షకు 17 ప్రాంతము. దక్షిణ కొరియాలో 2023లో 13,978 మంది, అనగా లక్షకు 27 మంది అట్లు మరణించిరి. హత్యలు అచ్చటను లక్షకు ఒకటికి లోపే. వెస్టిండీసు ద్వీపములలోని జమైకాలో లెక్క తలక్రిందులు. 2021లో అచ్చట లక్షకు 50 ప్రాంతము హత్యలు. ఆత్మహత్యలు రెండు మూడు. తరువాతి యేండ్లలో ఆ హత్యలు చాల తగ్గినవి గాని, అప్పటి లెక్కను బట్టి చూచువానికి, ఈ దేశములలో ఏది శాంతమైనది?

ఈ ప్రశ్న క్రొత్తది గాదు. పందొమ్మిదవ శతాబ్దిలోనే ఇటలీ దేశపు పండితులు మొర్సెల్లీ, ఫెర్రీ యనువారు దీనిని చర్చించిరి. ఐరోపాలో హత్యలు హెచ్చుగా గల చోట ఆత్మహత్యలు తక్కువ, ఆత్మహత్యలు హెచ్చుగా గల చోట హత్యలు తక్కువ యని వారికి కనబడెను. కావున రెండును ఒకే ప్రవాహమునకు చీలిన రెండు కాలువలనియు, ఒకదానికి నీరు పెట్టిన రెండవది ఎండుననియు వారు సిద్ధాంతీకరించిరి.

భారతము చదివినవారికి ఈ వాదము క్రొత్తగా తోపదు. అరణ్యపర్వమున, ఎఱ్ఱన తెనిగించిన భాగములో, ఘోషయాత్ర కథ కలదు. పాండవుల కష్టము చూచి సంతోషింపవలెనని సేనతో బయలుదేరిన దుర్యోధనుడు గంధర్వులకు చిక్కి, ఆ పాండవుల చేతనే విడిపింపబడెను. ఆ యవమానము తాళజాలక దర్భలు పరచుకొని ప్రాయోపవేశమునకు పూనుకొనెను. కర్ణుడు చెప్పినను వినలేదు, శకుని చెప్పినను వినలేదు, తమ్ముడు దుశ్శాసనుడు కాళ్లపై బడి యేడ్చినను వినలేదు. తుదకు దానవులు అతనిని పాతాళమునకు రప్పించి, నీ పక్షమున మేమున్నామని ధైర్యము చెప్పిన పిమ్మటనే లేచెను. లేచి చేసిన దేమి? మరల పాండవుల చావునే కోరెను. ఒకే క్రోధము పరులపైకిని తనపైకిని తిరుగుననుటకు ఇంతకంటె మంచి నిదర్శనము మొర్సెల్లీకి దొరకియుండదు. అయినను ఒక్క దుర్యోధనుని బట్టి దేశముల లెక్క తేల్చరాదు.

ఫ్రాన్సు దేశపు దుర్ఖైము 1897లో ప్రకటించిన 'ఆత్మహత్య' యను గ్రంథములో ఈ వాదమును జల్లెడ పట్టెను. స్పెయిను, ఇటలీలలో ఆత్మహత్యలు తక్కువై హత్యలు ఎక్కువగా నుండుట అతడును ఒప్పుకొనెను. కాని ఆత్మహత్య యనునది ఒకటే జాతి గాదనియు, ఒంటరితనము వలన కలుగునది హత్యకు వ్యతిరేకదిశలో నడచిన నడవవచ్చుననియు, సంఘము తలక్రిందులైన కాలమున కలుగునది హత్యతో చేతులు పట్టుకొని నడచుననియు వాదించెను. వంద యేండ్ల తరువాత రష్యా ఆ మాటను రుజువు చేసినది. 1985లో గోర్బచేవు మద్యపానమును గట్టిగా అరికట్టినపుడు హత్యలు, ఆత్మహత్యలు రెండును కలిసి తగ్గినవి. సోవియట్టు రాజ్యము కూలిన పిమ్మట రెండును కలిసి పెరిగినవి. 1994లో అచ్చట లక్షకు 40కి మించి ఆత్మహత్యలు, 30కి మించి హత్యలు. రెండు కాలువలును ఒకేమారు పొంగినవి. కనుక ఒక పద్దు తక్కువగా నున్నదని రెండవదానిని గూర్చి ఏమియు చెప్పుటకు వీలులేదు.

ఇంతకును, పద్దు వ్రాసినవా డెవడు, ఎట్లు వ్రాసెను అని అడుగక లెక్కను నమ్మరాదు. హత్యకు ఫిర్యాదుదారుడు కలడు. చచ్చినవాని బంధువులు స్టేషను మెట్లెక్కి కేసు వ్రాయుమందురు. ఆత్మహత్యకు ఫిర్యాదుదారుడు లేడు, బంధువులే వ్రాయవలదందురు. ఇంటిలో పెండ్లికి ఎదిగిన పిల్లలుందురు, బీమా సొమ్ము రావలసియుండును, ఊరివారి మాటకు వెరపుండును. శవపంచాయతీ నాడు అందరును కూడబలుకుకొని చెప్పు కడుపునొప్పి ఎట్టిదో తెలియనివారు లేరు. చట్టము కూడ దాపరికమునకు తోడ్పడినది. ఇంగ్లాండులో 1961 వరకు, ఐర్లండులో 1993 వరకు ఆత్మహత్య నేరము. మన దేశమున శిక్షాస్మృతి 309వ సెక్షను ప్రకారము, చావబోయి బ్రతికినవాడు ముద్దాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ఆ కోరలు పీకినది; 2024 జూలై నుండి అమలైన న్యాయసంహితలో ఆ సెక్షనే లేదు.

కాబట్టియే 2016లో పోలీసు లెక్క ప్రకారము మన దేశపు ఆత్మహత్యలు 1,31,008 కాగా, అదే సంవత్సరమునకు శాస్త్రజ్ఞులు వేరు మార్గమున కట్టిన అంచనా 2,30,000 దాటినది. రాష్ట్రముల నడుమ భేదమును ఈ కంటితోనే చూడవలెను. 2022లో కేరళలో ఆత్మహత్యలు లక్షకు 28.5, బీహారులో 0.6. కేరళీయుని కంటె బీహారీ నలుబది రెట్లకు మించి సుఖముగా నున్నాడని ఎవరును నమ్మరు. చదువు, ఆసుపత్రులు, పత్రికలు గల చోట చావు లెక్కకెక్కును. లేని చోట మట్టిలో కలియును.

పద్దు మారుట కూడ కలదు. అత్తవారింట కాలిపోయిన కోడలి మరణము హత్యయో ఆత్మహత్యయో చెప్పగలవారు ఆ గదిలోనివారే. వారు చెప్పునది స్టవ్వు ప్రమాదము. ఈ చిక్కు విప్పుటకే 1986లో వరకట్న మరణమను ప్రత్యేక నేరమును చట్టమున చేర్చిరి. పెండ్లియైన ఏడేండ్లలోపల, కట్నపు వేధింపుల నడుమ, అసహజముగా స్త్రీ మరణించినచో, కత్తి ఎవరి చేతిలో నుండెనని అడుగనక్కరలేకయే భర్తయు వాని వారును జవాబు చెప్పవలెను. ఏటేట ఆరువేలకు పైగా ఇట్టి మరణములు హత్యల పద్దులో గాక వేరు పద్దులో చేరుచున్నవి. మన దేశపు హత్యలు లక్షకు రెండే యని సంతోషించువారు ఈ వేరు పద్దును కూడ తిరుగవేయవలెను.

లెక్కలిట్లు తప్పుల తడక యైనచో వాని వలన ప్రయోజన మేమి? ఒక దేశమును మరియొక దేశముతో పోల్చుటకంటె, ఒకే దేశమును దాని పూర్వకాలముతో పోల్చుట మేలు. వ్రాయు పద్ధతి ఒకటే గనుక హెచ్చుతగ్గులు నమ్మదగియుండును. ఆ విధముగ చూచినపుడు ఇంగ్లాండు నుండి ఒక విచిత్రము బయటపడును. 1963లో ఇంగ్లాండు, వేల్సులలో ఆత్మహత్యలు 5,714. 1975 నాటికి 3,693. ఆ నడిమి కాలమున అచ్చటి జనుల దుఃఖము తగ్గలేదు. వంటయిండ్లకు వచ్చు బొగ్గుగ్యాసులో విషవాయువు ఉండెడిది. దాని స్థానమున విషము లేని సహజవాయువు వచ్చినది. అంతియే జరిగినది. చేతికందు విషము పోయినచో మనిషి మరియొక దారి వెదకికొనునని అందరును అనుకొనిరి. చాలమంది వెదకికొనలేదు.

మనకు ఇంకను దగ్గరి కథ సింహళ ద్వీపమున జరిగినది. శ్రీలంకలో 1950కిని 1995కిని నడుమ ఆత్మహత్యలు ఎనిమిది రెట్లు పెరిగి లక్షకు 47కు చేరినవి. లోకములో అంతకు మించిన దేశములు అప్పుడు బహు తక్కువ. పచ్చవిప్లవముతో పొలములకు వచ్చిన పురుగుల మందు పొలము నుండి ఇంటిలోనికి వచ్చినది. ఆలుమగలు పోట్లాడినను, పరీక్ష తప్పినను, అప్పులవాడు నలుగురిలో దులిపినను, క్షణమాత్రపు కోపములో చేయి దాని మీదికే పోయెడిది. ప్రభుత్వము 1984లో పారథియాను, మిథైల్ పారథియానులను నిలిపినది. 1995లో అత్యంత విషపూరితములైన మొదటి తరగతి మందుల నన్నింటిని, 1998లో ఎండోసల్ఫానును, 2008 మొదలు 2011 వరకు మరి మూడింటిని నిలిపినది. పదేండ్లలో ఆత్మహత్యలు సగమైనవి. తరువాతను తగ్గుచునే వచ్చినవి. 1995 నుండి 2015 వరకు దక్కిన ప్రాణములు 93,000 అని పరిశోధకులు అంచనా వేసిరి.

ఆ సంవత్సరములలో ఆ ద్వీపమున ఏమి జరుగుచుండెనో జ్ఞాపకముంచుకొనవలెను. 1983లో మొదలైన యుద్ధము 2009 వరకు ముగియలేదు. ఊళ్లు కాలుచుండెను, పరుని చేతి చావు పెచ్చుపెరిగి యుండెను. అట్టి కాలముననే తన చేతి చావు తరిగిపోయినది. మందు త్రాగి ఆసుపత్రికి వచ్చువారి సంఖ్య తగ్గలేదు కూడ. వచ్చినవారు బ్రతికి ఇంటికి పోయిరి. అట్లు ఒకమారు బ్రతికినవారిలో పదింట తొమ్మండుగురు తరువాత ఆ విధముగ చావరని పలుదేశముల అనుభవము. పంటల దిగుబడి తగ్గిన దాఖలా యును కనబడలేదు.

మందును తాళము వేసి దాచుమని చెప్పిన చాలదా యని కొందరడుగుదురు. దానిని కూడ పరీక్షించిరి. శ్రీలంకలోనే 180 గ్రామములలో, సగము గ్రామముల యిండ్లకు తాళపు పెట్టెలిచ్చి, మిగిలిన సగమునకు ఇయ్యక, కొన్నేండ్లు చూచిరి. 2017లో వెలువడిన ఫలితము ప్రకారము రెంటికిని భేదము లేదు. రైతు ఇంటిలో తాళపుచెవి ఎచ్చట నుండునో ఇంటిల్లిపాదికిని తెలియును గదా! అంగడిలో అమ్ము సరుకు మారినపుడే లెక్క మారినది.

జపాను మరియొక దారి త్రొక్కినది. 2003లో 34,427 మంది పోయినపుడు అది ఒక్కొక్కరి సొంత వ్యవహారము గాదు, రాజ్యము పట్టించుకొనవలసినదని 2006లో చట్టము చేసిరి. 2010 నుండి వడ్డీ ఏటికి నూటికి 20 మించరాదనియు, ఏడాది సంపాదనలో మూడవవంతుకు మించి అప్పు ఇయ్యరాదనియు వడ్డీ కంపెనీలను కట్టడి చేసిరి. 2023లో చనిపోయినవారు 21,837. ఇది అప్పుల చట్టము వలననే యని చెప్పలేము. కాని అప్పు పుట్టినచోటనే చావును ఆపజూచిరి.

మన రెండు రాష్ట్రముల మాట. 2022లో ఆత్మహత్యలకు దేశపు సగటు లక్షకు 12.4 కాగా, ఆంధ్రప్రదేశమున 17 దరిదాపు, తెలంగాణమున 26కు పైన. కారణముల పట్టికలో దేశమంతటను ముందున్నవి కుటుంబ కలహములు, తరువాత రోగములు. నాలుగవ వంతు మరణములు విషము వలన. మన పొలములలో ఎండోసల్ఫానును 2011లో సుప్రీంకోర్టు ఆపించినది. మోనోక్రోటోఫాసు కూరగాయలపై చల్లరాదని 2005లోనే నియమము కలిగినను, ప్రత్తికి అమ్ముచునే యుండిరి. 2013లో బీహారులో మధ్యాహ్న భోజనమున కలిసి 23 మంది బడిపిల్లలను బలిగొన్నది ఈ మందే. దాని ద్రావకమును క్రమముగ నిలుపుటకు 2023లో కేంద్రము ఉత్తర్వు చేసినది. ఉత్తర్వుకు పూర్వము కొని, సగము వాడి, చూరులో దోపిన సీసాలు మాత్రము ఉత్తర్వుతో ఖాళీ కావు.

మనసు కలతపడినవారును, వారిని చూచి కంగారుపడు ఇంటివారును ఏ వేళనైనను ఉచితముగా తెలుగులోనే మాటలాడుటకు 2022 అక్టోబరు నుండి 'టెలి మానస్' అను ప్రభుత్వ ఫోను ఏర్పాటు కలదు. దాని సంఖ్య 14416. ఈ సంఖ్యను వార్తాపత్రికల బల్ల కెదురుగా నున్న గోడ మీద పెద్ద అక్షరములతో వ్రాయించుటకు గ్రంథాలయ కార్యవర్గమువారు అంగీకరించియున్నారు.