ఆకలి కడుపుకా, మనసుకా?

ఇవాళ రాత్రి పదకొండింటికి వచ్చే ఆకలి గురించి మాట్లాడుకుందాం.

హన్మకొండలో రూమ్ కిరాయికి తీసుకుని గ్రూప్స్‌కో, గేట్‌కో ప్రిపేర్ అవుతున్నవాళ్లకు ఇది బాగా తెలుసు. మాక్ టెస్ట్‌లో మార్కులు తగ్గాయి. ఇంటి నుంచి ఫోన్, "ఈసారన్నా వస్తదా బిడ్డా?" అని. భోజనం ఎప్పుడో అయిపోయింది. అయినా చేయి ఫుడ్ యాప్ మీదికే పోతుంది. తిన్నంతసేపు హాయి. తర్వాత "ఛీ, మళ్లీ తిన్నా" అన్న బాధ. ఆ బాధకు ఇంకో చిప్స్ ప్యాకెట్!

దీన్నే ఎమోషనల్ ఈటింగ్ అంటారు. ఇది తిండిపోతుతనం కాదు. ఒత్తిడి ఎక్కువ రోజులుంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. అప్పుడు చాలామందికి మనసు తీపి మీదికి, నూనె పదార్థాల మీదికి పోతుంది. తింటే కాసేపు ఉపశమనం. మెదడు ఆ దారిని గుర్తుపెట్టుకుంటుంది.

తేడా ఎలా తెలుస్తుంది? కడుపు ఆకలి మెల్లగా వస్తుంది, ఏది పెట్టినా తీరుతుంది. మనసు ఆకలి ఒక్కసారిగా వస్తుంది, ఫలానాదే కావాలంటుంది. అందుకే మిమ్మల్ని మీరు ఒకటి అడగండి: "ఇప్పుడు పెరుగన్నం పెడితే తింటానా?"

తింటా అనిపిస్తే, తినండి. అది నిజమైన ఆకలే. వద్దు, బిర్యానీయే కావాలి అనిపిస్తే పది నిమిషాలు ఆగండి. ఫోన్‌లో ఒక్క మాట రాయండి: భయం, ఒంటరితనం, బోర్, అలసట, ఏదైతే అది. ఒంటరితనమైతే దోస్తుకు కాల్ చేయండి. అలసటైతే పడుకోండి. భయమైతే రేపు చదవాల్సింది ఒక్క చాప్టర్ రాసిపెట్టుకోండి. అప్పటికీ తినాలనిపిస్తే ప్లేట్‌లో పెట్టుకుని, ఫోన్ పక్కన పెట్టి, నిదానంగా తినండి.

ఒకటి మాత్రం చేయొద్దు. రాత్రి తిన్నానని పొద్దున టిఫిన్ మానేయొద్దు. పస్తుంటే సాయంత్రానికి ఆకలి, టెన్షన్ రెండూ కలిసి మీద పడతాయి.

అమ్మ పంపిన సకినాలు తింటూ ఇల్లు తలచుకోవడం తప్పేం కాదు. మనకున్న ఓదార్పు తిండి ఒక్కటే అయినప్పుడే సమస్య.

ఎవరూ చూడకుండా తినడం, ఆపుకోలేకపోవడం, తిన్నది కావాలని కక్కేయడం జరుగుతుంటే మాత్రం దాచుకోకండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416లో ఫోన్ చేయొచ్చు. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ రూమ్‌మేట్‌కు ఇలా జరుగుతుంటే "ఎంత తింటవురా" అనకండి. "ఏమైందిరా?" అని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.