పాఠశాల చదువు ముగింపు పరీక్షలు – వివిధ దేశాల అనుభవాలు



మన ఇళ్ళల్లో భద్రంగా దాచుకునే కాగితాల్లో పదో తరగతి సర్టిఫికెట్ ఒకటి. పుట్టిన తేదీకి అదే రుజువు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా, పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా ముందుగా తీసి చూసేది దాన్నే. అయితే ఆ కాగితం అసలు ఏం చెబుతోంది? దాన్ని ఇచ్చే పరీక్ష ఎందుకోసం పుట్టింది? ఇతర దేశాల్లో ఇలాంటి పరీక్ష ఎలా జరుగుతోంది? ఈ ప్రసంగంలో ఈ విషయాలు తెలుసుకుందాం.

ఒక మాట ముందే చెప్పుకుందాం. బడి చదువు చివర జరిగే ఏ పరీక్షనైనా మనం మూడు ప్రశ్నలు అడగాలి. ఒకటి, ఈ విద్యార్థి ఇంత చదువు చదివాడని అది సాక్ష్యం చెబుతోందా? రెండు, పై చదువుకు ఎవరిని తీసుకోవాలో, ఎవరిని ఆపాలో అదే నిర్ణయిస్తోందా? మూడు, అందులో నెగ్గనివారికి మళ్ళీ ఏ దారి మిగిల్చింది? మొదటిది ధ్రువీకరణ, రెండోది ఎంపిక. ఈ రెండు పనులూ వేరువేరు. వీటిని కలగాపులగం చేయడం వల్లనే సగం చిక్కులు వస్తున్నాయి. ఇక మూడో ప్రశ్నను చాలామంది అడగనే అడగరు.

మెట్రిక్ అనే మాట

మన పెద్దలు పదో తరగతిని "మెట్రిక్" అనేవారు. ఉత్తర భారతంలోనూ, పాకిస్థాన్‌లోనూ ఇప్పటికీ ఆ మాట వాడుకలో ఉంది. దీని మూలం లాటిన్ భాషలో ఉంది. దానికి అర్థం చిట్టా, అంటే పేర్ల పట్టిక. విశ్వవిద్యాలయం తన చిట్టాలో విద్యార్థి పేరు ఎక్కించుకోవడమే మెట్రిక్యులేషన్.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో మూడు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. తమ దగ్గర చేరగోరేవారికి అవి పెట్టిన ప్రవేశ పరీక్షే మెట్రిక్యులేషన్. అంటే అది పుట్టుకతోనే ఎంపిక పరీక్ష. అయితే క్రమంగా కచేరీ ఉద్యోగాలకూ అదే అర్హత అయింది. కాలేజీ గడప తొక్కే ఉద్దేశం లేనివాడు కూడా కాలేజీ ప్రవేశ పరీక్ష పాసు కావలసి వచ్చింది. ఒకే పరీక్ష మీద రెండు పనుల బరువు పడటం మన దేశంలో అలా మొదలైంది.

అన్నీ ఒకేసారి గట్టెక్కాలా?

శ్రీనివాస రామానుజన్ పేరు వినని లెక్కల విద్యార్థి ఉండడు. ఆయన మెట్రిక్యులేషన్ చక్కగా పాసై, 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకార వేతనంతో చేరారు. ధ్యాసంతా గణితం మీదే. తక్కిన సబ్జెక్టుల్లో మార్కులు రాలేదు. ఉపకార వేతనం పోయింది. తరువాత మద్రాసు వెళ్ళి మరో కాలేజీలో చేరినా, ఆనాటి ఎఫ్.ఏ. పరీక్షలో 1907 వరకు నెగ్గలేకపోయారు. ఆ తరువాత పదకొండేళ్ళకు, 1918లో, ఆయన లండన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

ఈ కథ చెప్పింది ప్రతి విద్యార్థీ రామానుజన్ అవుతాడని కాదు. ఆ పరీక్ష తీరు ఎలా ఉండేదో గమనించండి. అన్ని సబ్జెక్టులూ గట్టెక్కితేనే పాసు. ఒకదాంట్లో పోతే మిగతావాటిలో వచ్చిన మార్కులూ దండగే.

ఇంగ్లండ్‌లోనూ ఒకప్పుడు ఇదే పద్ధతి. 1918 నుంచి అక్కడ స్కూల్ సర్టిఫికెట్ ఉండేది. నిర్ణీత సబ్జెక్టుల సముదాయంలో ఒకేసారి ఉత్తీర్ణులైతేనే దాన్ని ఇచ్చేవారు. 1951లో దాని స్థానంలో జి.సి.ఇ. వచ్చింది. ఏ సబ్జెక్టు పాసైతే ఆ సబ్జెక్టుకు సర్టిఫికెట్ ఇవ్వడం మొదలైంది. 1988 నుంచి పదహారేళ్ళ వయసులో రాసే పరీక్ష జి.సి.ఎస్.ఇ. అయింది. పద్దెనిమిదేళ్ళకు రాసేది ఎ-లెవెల్. అందులో చాలామంది మూడు సబ్జెక్టులే తీసుకుంటారు. మొత్తం మీద పాసు, ఫెయిలు అనే మాట అక్కడ ఉండదు. సబ్జెక్టువారీ గ్రేడులే ఉంటాయి. జి.సి.ఎస్.ఇ. ఇంగ్లీషులోనో, లెక్కల్లోనో నిర్దేశించిన గ్రేడు రానివారు పద్దెనిమిదేళ్ళ వరకు ఆ సబ్జెక్టు చదువుతూ ఉండాలి. అంటే ఫెయిలైనవారిని బయటికి పంపే బదులు చదువులోనే ఉంచుతారన్నమాట.

ఫ్రాన్స్, జర్మనీ

ఫ్రాన్స్‌లో బకలోరియా పరీక్షను 1808లో నెపోలియన్ ప్రవేశపెట్టాడు. మరుసటి ఏడాది దాన్ని పాసైనవారు 31 మంది మాత్రమే. ఈనాడు లక్షలాది మంది రాస్తున్నారు. 20 మార్కులకు సగటున 10 వస్తే ఉత్తీర్ణత. జనరల్, టెక్నలాజికల్ విభాగాలవారందరూ నాలుగు గంటల పాటు తత్వశాస్త్రం పరీక్ష రాయవలసి ఉండటం దీని ప్రత్యేకత. సగటు 8కి తగ్గకుండా, 10కి చేరకుండా ఆగినవారికి కొద్ది రోజుల్లోనే మౌఖిక పరీక్షలో మరో అవకాశం ఇస్తారు. 2021 నుంచి మార్కుల్లో 40 శాతం తరగతిలో ఏడాది పొడవునా చూపిన ప్రతిభకు కేటాయించారు. బకలోరియా సర్టిఫికెట్ ఉన్నవారు విశ్వవిద్యాలయ చదువుకు అర్హులు. పేరున్న ఉన్నత విద్యా సంస్థలకు మాత్రం వేరే పోటీ పరీక్షలు ఉన్నాయి. అక్కడ ధ్రువీకరణ ఒకటి, పోటీ మరొకటి.

జర్మనీలోని ఆబిటూర్ ఇంకా పాతది. 1788లో ప్రష్యాలో మొదలైంది. మొత్తం 900 పాయింట్లలో 600 చివరి రెండేళ్ళ తరగతి చదువుకు, 300 చివరి పరీక్షకు. ఒక్క రోజు జ్వరం వస్తే రెండేళ్ళ కష్టం వృథా కాదు. మనవాళ్ళను తికమక పెట్టే విషయం ఒకటుంది. అక్కడ 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0 కనీస ఉత్తీర్ణత. అంకె తగ్గేకొద్దీ గొప్ప అన్నమాట. ఆబిటూర్ వైపు వెళ్ళనివారికి కర్మాగారంలో పని, బడిలో పాఠం కలిపి నేర్పే వృత్తి శిక్షణ ఉంది. అలా చేరి, వృత్తిలో మైస్టర్ అర్హత సంపాదించినవారు 2009లో తీసుకున్న నిర్ణయం వల్ల విశ్వవిద్యాలయంలో కూడా చేరవచ్చు.

మన ఇరుగుపొరుగు

నేపాల్‌లో ఎస్.ఎల్.సి. పరీక్ష 1934లో మొదలైంది. అంతకుముందు అక్కడి విద్యార్థులు కలకత్తా విశ్వవిద్యాలయం పరీక్ష రాసేవారు. ఎస్.ఎల్.సి.ని నేపాలీలు "ఫలామే ఢోకా" అనేవారు. అంటే ఇనుప తలుపు. ఆ తలుపు దాటలేక చదువు మానినవారు ఎందరో. 2016లో పాసు, ఫెయిలు బదులు అక్షర గ్రేడులు అమలు చేశారు. 2017 నుంచి పదో తరగతి పరీక్షను ఎస్.ఇ.ఇ. పేరుతో జరుపుతున్నారు. బడి చదువు ముగింపును పన్నెండో తరగతికి జరిపారు.

శ్రీలంకలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన జి.సి.ఇ. పేరు ఇప్పటికీ కొనసాగుతోంది. పదకొండో తరగతిలో ఓ-లెవెల్, పదమూడో తరగతిలో ఎ-లెవెల్. ఎ-లెవెల్‌లో ఉత్తీర్ణత వేరు, విశ్వవిద్యాలయంలో సీటు వేరు. అర్హులు ఎక్కువ, సీట్లు తక్కువ. అందుకని 2001 నుంచి జెడ్-స్కోరు అనే లెక్కను వాడుతున్నారు. దాని భావం ఇది. ఒక సబ్జెక్టులో అందరి సగటు 40, మీకు 60 వచ్చాయి. మరో సబ్జెక్టులో సగటు 60, మీ స్నేహితునికి 70 వచ్చాయి. రెండింటిలోనూ మార్కుల హెచ్చుతగ్గులు ఒకే తీరున ఉంటే, 60 వచ్చిన మీరే ముందున్నట్లు లెక్క. అంటే చూడవలసింది మార్కు కాదు, తోటివారి సగటు కన్నా ఎంత పైనున్నారన్నది. ఎక్కువ కోర్సుల్లో 40 శాతం సీట్లు దేశమంతటి ప్రతిభను బట్టి, 55 శాతం జిల్లాల జనాభాను బట్టి, 5 శాతం విద్యలో వెనుకబడిన జిల్లాలకు ఇస్తారు. అంతకుముందు 1970లలో తెచ్చిన ప్రమాణీకరణ విధానం వల్ల తమకు అన్యాయం జరిగిందని తమిళ విద్యార్థులు భావించారు. ఆ అసంతృప్తి తరువాతి సంఘర్షణకు ఒక కారణమైంది. మార్కులను ఎలా లెక్కించాలన్న ప్రశ్న ఒక దేశ రాజకీయాలను ఎంతగా కుదపగలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

బంగ్లాదేశ్‌లో మన పేర్లే వినిపిస్తాయి. పదో తరగతికి ఎస్.ఎస్.సి., పన్నెండుకు హెచ్.ఎస్.సి. 2001లో ఎస్.ఎస్.సి.కి, 2003లో హెచ్.ఎస్.సి.కి 5 పాయింట్ల గ్రేడు పద్ధతి తెచ్చారు.

పరీక్షలు ఆగినప్పుడు

పరీక్ష విలువ అది ఆగిపోయినప్పుడు తెలుస్తుంది. చైనాలో 1952లో మొదలైన జాతీయ కళాశాల ప్రవేశ పరీక్ష, గావ్‌కావ్, సాంస్కృతిక విప్లవం కారణంగా 1966లో ఆగింది. పదేళ్ళకు పైగా విరామం తరువాత 1977 చివర్లో మళ్ళీ పెట్టినప్పుడు పల్లెల్లో, కర్మాగారాల్లో పనిచేస్తున్న యువతీయువకులు సుమారు 57 లక్షల మంది రాశారు. సీట్లు వచ్చింది 2 లక్షల 70 వేల మందికి. సిఫారసు లేకుండా కష్టంతో పైకి రావడానికి పరీక్ష ఒక దారి అని వారు నమ్మారు. ఆ నమ్మకం తప్పు కాదు. 2001లో చైనా వయోపరిమితిని కూడా ఎత్తివేసింది.

2020లో కోవిడ్ వల్ల ఎన్నో దేశాల్లో పరీక్షలు రద్దయ్యాయి. బంగ్లాదేశ్‌లో పాత పరీక్షల ఫలితాలను బట్టి హెచ్.ఎస్.సి. ఫలితం ప్రకటించారు. ఇంగ్లండ్‌లో ఉపాధ్యాయులు అంచనా వేసిన ఎ-లెవెల్ గ్రేడులను ఒక గణన సూత్రంతో సవరించగా, సుమారు 40 శాతం గ్రేడులు తగ్గిపోయాయి. బడి పాత ఫలితాలు బాగా లేకపోతే, అందులోని తెలివైన విద్యార్థి కూడా నష్టపోయే పరిస్థితి. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. కొద్ది రోజుల్లోనే, ఆగస్టు 17న, ఆ పద్ధతిని విరమించుకుని ఉపాధ్యాయుల అంచనాలనే తీసుకున్నారు. పరీక్షలో లోపాలున్నాయి. అది లేకపోతే వచ్చే లోపాలూ ఉన్నాయి. ఇది మరచిపోకూడదు.

ఇక మన సంగతి

కొఠారీ కమిషన్ సిఫారసుల మీద 1968 జాతీయ విద్యా విధానం దేశమంతటికీ 10+2+3 పద్ధతిని సూచించింది. మన పదో తరగతి, ఇంటర్మీడియట్, డిగ్రీ ఆ చట్రంలోవే. అయితే ఎంపిక పని ఒక్కొక్కటిగా వేరే పరీక్షలకు వెళ్ళింది. ఇంజనీరింగ్‌కు ఎంసెట్, 2013 నుంచి జె.ఇ.ఇ. మెయిన్, వైద్య విద్యకు దేశమంతటా 2016 నుంచి నీట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు 2022 నుంచి సి.యు.ఇ.టి. ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. తెలంగాణలో దాన్ని 2023లో తీసేశారు.

ధ్రువీకరణను, ఎంపికను విడదీస్తే విద్యార్థికి భారం తగ్గాలి కదా? మన దగ్గర అలా జరగలేదు. ఒక పరీక్ష బదులు రెండు, మూడు వచ్చి పడ్డాయి. కాలేజీలో పేరు మాత్రం ఉంచి, రోజంతా కోచింగ్‌లో గడిపే అలవాటు పెరిగింది. పైగా ఇంటర్ ఫెయిలైతే ప్రవేశ పరీక్షలో ర్యాంకు వచ్చినా సీటు రాదు. విడదీసినంత మాత్రాన చాలదు, సీట్ల కొరత తీరాలి, కింద పడినవారికి దారి ఉండాలి.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత పలువురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో పొరపాట్లు జరిగాయని గొడవ రేగింది. చివరకు ఫెయిలైన వారందరి జవాబు పత్రాలను ప్రభుత్వం ఉచితంగా మళ్ళీ పరిశీలింపజేసింది. కాగితం మీది అంకె తప్పు కావచ్చు, దాన్ని సరిదిద్దవచ్చు. పోయిన బిడ్డను తెచ్చుకోలేం. అందుకే మూడో ప్రశ్నకు జవాబు ప్రతి ఇంట్లో ఫలితాలకు ముందే తెలిసి ఉండాలి.

దారులు ఉన్నాయి

మొదటిది, రీకౌంటింగ్, రీవెరిఫికేషన్. ఇది విద్యార్థి హక్కు. గడువు తక్కువ కాబట్టి ఫలితం రాగానే తేదీ చూసుకోండి. రెండోది, సప్లిమెంటరీ పరీక్ష. తప్పిన సబ్జెక్టు మాత్రమే రాస్తే చాలు, పాసైనవి పోవు. రామానుజన్‌కు లేని సౌకర్యం మీకుంది. మూడోది, సార్వత్రిక విద్య. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక పాఠశాలలో ఒకసారి చేరితే ఐదేళ్ళలో తొమ్మిది సార్లు పరీక్ష రాయవచ్చు. ఒక్కో సబ్జెక్టు పూర్తి చేసుకుంటూ పోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర సార్వత్రిక పాఠశాల 1991లో వచ్చింది. నాలుగోది, పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. వంటి వృత్తి విద్య. 2026 నుంచి సి.బి.ఎస్.ఇ. పదో తరగతికి ఏడాదిలో రెండుసార్లు బోర్డు పరీక్ష జరిపే పద్ధతి తెచ్చింది. రెండోది ఐచ్ఛికం. కావలసినవారు మార్కులు మెరుగుపరుచుకోవచ్చు.

చెప్పుకున్నదాన్ని ఒకసారి క్రోడీకరిద్దాం. బడి చివరి పరీక్ష సాక్ష్యం చెప్పాలి. ఎంపిక వేరే పని, దానికి వేరే కొలత ఉండవచ్చు. ఈ రెండూ ఎంత బాగున్నా, నెగ్గనివారు తిరిగి రావడానికి తలుపు లేకపోతే ఆ పద్ధతి అసంపూర్ణం. జర్మనీ రెండేళ్ళ చదువును లెక్కలోకి తీసుకున్నా, ఫ్రాన్స్ మౌఖిక పరీక్ష పెట్టినా, నేపాల్ ఇనుప తలుపు మాట మార్చుకోజూసినా, అన్నీ ఈ విషయం తెలిసి వేసిన అడుగులే.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మనవి. ఫలితాలు వచ్చే రోజున "ఎన్ని వచ్చాయి?" అని అడగడానికి ముందు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టండి. మెమో తరువాత చూద్దురుగాని. అందులో ఏ సబ్జెక్టు పోయినా సప్లిమెంటరీ తేదీ ఎప్పుడో ముందుగానే గోడ మీది క్యాలెండర్లో రాసి ఉంచండి. ఫీజు కట్టే ఆఖరి తేదీ కూడా.